ఖాళీ సీసా వాసన

డాక్టర్ పినాకపాణి గారు పొద్దున్నే ల్యాబులోకి రాగానే ముందు యంత్రానికి దణ్ణం పెడతారు. మనుషుల్ని పలకరించడం ఆ తర్వాత, గుర్తొస్తే. చెప్పులు బయట విడిచి, ధూపం గిన్నెలో నిప్పులేసుకుని, వాటి మీద గుప్పెడు వెన్నగుగ్గిలం చల్లి, ఆ పొగని యంత్రం చుట్టూ తిప్పుతారు. సర్వర్ నుదుట కుంకుమ బొట్టు. కీబోర్డు మీద బంతిపూల రేకులు. వాటిని దులుపుకుని నేను పని మొదలుపెట్టాలి. స్పేస్ బార్ కింద రేకు ఇరుక్కుంటే ఏం చెయ్యాలో నాకు ఇంజనీరింగ్ కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

ఆయన్ని దెబ్బకొట్టాలని నేను ఆ ఉద్యోగంలో చేరలేదు. చేరింది మామూలుగానే, అక్క చెబితే. దెబ్బకొట్టాలన్న కోరిక ఉద్యోగంలో స్థిరపడ్డాక వచ్చింది, అందరికీ బీపీ వచ్చినట్టు.

ఆ యంత్రాన్ని మేమంతా ముక్కుపుడక అంటాం. సర్వర్ని పక్కన పెడితే, వాసన పట్టే భాగం ఉండేది కూడా అంతే. డ్రోన్ ముందు భాగంలో బిగిస్తే, తెల్లవారే వేళ కొండల మీద ఎగురుతూ, చెట్లు వదిలే ఊపిరిని పీల్చి, కింద ఏ మొక్క ఉందో చెబుతుంది. ఆకు చూడక్కర్లేదు, పువ్వు పూసేదాకా కాచుకోనక్కర్లేదు. మనిషి ఎక్కలేని చరియలో రాయి చాటున దాక్కున్న మొక్కనైనా వాసనతో పట్టేస్తుంది. కడప చుట్టూ ఉన్న కొండల్ని గళ్ళుగా విడగొట్టి ఒక్కో గడికీ మార్కులు వేయడం మా పని. ప్రపంచంలో ఇంకెక్కడా లేని మొక్కలు ఎంత ఎక్కువుంటే అన్ని మార్కులు. పై వరసలో నిలిచిన గళ్ళకు ‘ముద్ర’ పడుతుంది. ఇక అక్కడ మనిషి కాలు పెట్టకూడదు. మిగతావి ‘వదులు’. వదులంటే రాయి కొట్టుకోవచ్చు, రోడ్డేసుకోవచ్చు. అన్నిటినీ ఎలాగూ కాపాడలేం, కాపాడాల్సినవి ముందే ఏరుకుందాం అన్నది పైవాళ్ళ ఆలోచన. ఏరే పనిలో మనిషి చెయ్యి పడితే పైరవీలు మొదలవుతాయని, ఆఖరి జాబితా యంత్రం నుంచి నేరుగా కమిటీ తెర మీదికే రావాలని, ఎవరి కోసమూ అందులో ఒక్క గడి కూడా మార్చకూడదని నియమం పెట్టింది పినాకపాణి గారే. ఆ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి. నాకు బాగా పనికొచ్చింది.

ముక్కుపుడకలో ఉన్న ముక్కు మా అక్కది.

మా అక్క హైమ చిన్నప్పుడు మా వీధికి ఉచిత వినోదం. కళ్ళకు గంతలు కట్టి ఏ ఇంటి ముందు నిలబెట్టినా ఆ రోజు వాళ్ళ తిరగమోతలో ఏమేశారో చెప్పేది. వాన ఏ కొండ మీద పడిందో గాలి పీల్చి చెప్పేది. అలాంటి మనిషి వృక్షశాస్త్రం చదివి, పినాకపాణి గారి దగ్గర పీహెచ్‌డీకి చేరి, చీమలకోన అనే లోయని పట్టుకుంది. వెన్నగుగ్గిలం చెట్టు ఆ కోనలో తప్ప ఇంకెక్కడా లేదు. దాని నీడలో మాత్రమే బతికే చిన్నచిన్న మొక్కలు ఇంకా ఉన్నాయి. కొన్నిటికి పేర్లు పెట్టిందే అక్క. సార్ ఆ ముక్కుని చూశారు. యంత్రాలు గాలిలో ఏ ఆవిరి ఎంతుందో కొలుస్తాయి కానీ, ఆ ఆవిర్ల కలగలుపులో ఏది ఏ చెట్టో తేల్చలేవు. ముక్కు తేలుస్తుంది. కాబట్టి యంత్రానికి ఒక ముక్కు పాఠం చెప్పాలి.

నేను చేరేటప్పటికి ఆ పాఠం అయిపోయింది. అక్క చెబితే తెలిసిందే. కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు లోపల పైదాకా వెంట్రుకంత తీగ పెట్టేవాళ్ళు. ఆకు వేసిన సీసా మూత తీసేవాళ్ళు. అక్క వాసన చూసేది. అదే గాలిని పక్కన చిప్ పీల్చేది. అక్క నరం ఎలా స్పందిస్తే చిప్ అలా స్పందించడం నేర్చుకునేది. నరం గట్టిగా పలకాలని తీగలో కాస్త కరెంటు. ప్రతి ఆకు సీసాకీ ముందు ఒక ఖాళీ సీసా. ఏమీ లేకపోవడం అంటే ఇదీ అని యంత్రానికి తెలియాలి కదా. ఆ ఖాళీని సున్నాగా పెట్టుకుని మిగతా వాసనల్లోంచి దాన్ని తీసేసుకునేది.

రెండేళ్ళు ఇలా సాగింది. మధ్యలో ఒకరోజు అక్క, కాఫీ వాసన పలచబడింది సార్, అని చెప్పింది. జలుబన్నారు ఆయన. మళ్ళీ చెప్పింది. యజ్ఞం మధ్యలో లేవకూడదమ్మా అన్నారు. అక్క లేవలేదు. అన్నీ అయిపోయాక హైదరాబాదులో డాక్టరు చూసి, తగ్గడం మొదలైన రోజుల్లోనే ఆపుంటే నరం మళ్ళీ కోలుకునేదని, ఇప్పుడు ఇక ఏమీ చేయలేమని చెప్పాడు.

వాసన పోవడమంటే ఏముంది, చెత్తబండి వచ్చినప్పుడు హాయిగా ఉంటుంది కదా అని మా బంధువులు నవ్వారు. ఇంట్లో ఉండి చూడాలి. అక్క పక్కనే కూర్చుని పుస్తకం చదువుతుంటే పొయ్యి మీద పాలు మాడి బొగ్గయ్యాయి. రోజుకి రెండు మూడుసార్లు స్నానం చేసేది, ఒంటి వాసన తనకి తెలియదు కాబట్టి. బయటికి వెళ్ళే ముందు నా దగ్గరికొచ్చి చెయ్యెత్తి నిలబడేది, చూడు చిన్నీ, బాగుండానా అని. మా అక్క, డాక్టరేటు చేసిన మనిషి, గుమ్మం దగ్గర చెయ్యెత్తి నిలబడి చెల్లెలి సర్టిఫికెట్ కోసం ఎదురుచూడటం. బొరుగుల ఉగ్గానీ, బిర్యానీ రెండూ ఒకటే తనకి, ఒకటి మెత్తగా, ఒకటి పలుకుగా. కోనకి వెళ్ళడం కూడా మానేసింది. అడవి సైలెంట్‌లో పెట్టిన టీవీలా ఉందని ఒకసారి అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అయినా సార్ మీద ఒక్క మాట అనలేదు. కోన నిలబడితే చాలంది. తన ముక్కు పెట్టుబడి, కోన వడ్డీ అనుకుంది కాబోలు.

ప్రయోగాత్మకంగా వేసిన మొదటి జాబితా వచ్చింది. చీమలకోనకి సున్నా.

అక్క నవ్వింది మొదట, తప్పు గడి చూస్తున్నామేమోనని. కాదు. రాళ్ళూ నాలుగు తుప్పలూ తప్ప ఏమీ లేని బోడిగుట్టలకైనా పదో పరకో మార్కులు వచ్చాయి. కోనకి సున్నా. కమిటీ ముందు ఆఖరి జాబితా వచ్చేది వచ్చే నెల. వదులులో పడితే అక్కడ గ్రానైటు తవ్వడానికి మనుషులు అప్పటికే గుట్ట కింద గుడారాలు వేసుకున్నారు. అక్క ఫోటోలు, ఎండబెట్టి అతికించిన కొమ్మలు, తన థీసిస్ పట్టుకుని సార్ గదికి వెళ్ళింది. నేను తలుపు దగ్గర ఉన్నాను. ఆయన అన్నీ ఓపిగ్గా చూశారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు:

“యంత్రం ఎవరమ్మా? నీ ముక్కే కదా. నీ ముక్కే ఆడ ఏమీ లేదంటాంటే, ఇప్పుడు వాసనే తెలియని నువ్వు ఉందంటే నేనెట్లా నమ్మేది?”

ఆ మాటలో ద్వేషం లేదు. నిజంగా సందేహమే. అందుకే నాకు బీపీ వచ్చింది.

అక్క ఏడవలేదు. ఇంటికొచ్చి గిన్నెలు తోమింది. తోమినవే మళ్ళీ తోమింది.

తప్పెక్కడుందో దొరికింది శుక్రవారం నాడు, అదీ తలంటు వల్ల. సాఫ్ట్‌వేర్ సరిచేద్దామని ముక్కుపుడకని ఇంటికి తెచ్చుకుని హాల్లో ల్యాప్‌టాప్ ముందు పెట్టుకున్నాను. మా ఇంటి గాలికి అది మైనస్ మార్కులు చూపిస్తోంది. ఏమీ లేకపోవడం కంటే మా ఇంట్లో ఇంకా తక్కువుందట. మధ్యతరగతి అంటే తెలుసు కానీ మరీ ఇంతా అనుకున్నాను. వెనక అమ్మ, అక్క తల ఆరబెడుతోంది. నిప్పుల గిన్నె మీద వెదురుగంప బోర్లించి, దాని మీద తడిజుట్టు పరిచి సాంబ్రాణి పొగ పట్టడం మా ఇంట్లో శుక్రవారం కార్యక్రమం.

“పొగొస్తాందా మా?” అక్క అడిగింది, తల వంచుకునే.

“వస్తాందిలేమ్మే, కదలాకు,” అంది అమ్మ. ఆ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ అమ్మ నిప్పుల మీద ఇంకో చిటికెడు గుగ్గిలం వేస్తుంది.

పొగ హాలంతా పరుచుకుంది. తెర మీద అంకె కదిలింది. మైనస్‌లోంచి పైకి పాకుతూ పాకుతూ సరిగ్గా సున్నా దగ్గరకొచ్చి, స్టాపు రాగానే బస్సాగినట్టు ఆగింది. ఇంకా పొగ వేసినా కదల్లేదు.

“అక్కా, ఈ గుగ్గిలం యాడిది?”

“యాడిదేంది, మన కోనదే. నా ఫీల్డు సంచిలో మిగిలినాది.”

నేను ల్యాప్‌టాప్ మూసి నేల మీద కూర్చున్నాను. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. రెండేళ్ళూ ప్రతి పొద్దునా సార్ ఆ గది నిండా వెన్నగుగ్గిలం పొగ వేశారు. కర్టెన్లకీ గోడలకీ పట్టిన పొగ. ఖాళీ సీసాలో నిజంగా ఖాళీ ఎప్పుడూ లేదు, అందులో ఉన్నది ఆ గది గాలి. ‘ఏమీ లేకపోవడం అంటే ఇది’ అని ల్యాబులో యంత్రానికి నేర్పింది ప్రపంచంలో ఒకే ఒక్క కోనలో ఉన్న చెట్టు వాసనని. అది బుద్ధిగా నేర్చుకుంది. ఆ వాసన ఎక్కడ కొడితే అక్కడ మొత్తం తుడిచేస్తోంది.

అక్కకి చెప్పాను. గంప మీద నుంచి తల ఎత్తింది. చెంపల మీద తడి జుట్టు, కళ్ళలో పొగ.

“అయితే చెట్టు కనపడక కాదు చిన్నీ,” అంది నెమ్మదిగా. “దానికి చెట్టే సున్నా అయిపోయినాది.” తర్వాత నవ్వింది. పళ్ళు కనిపించేలా నవ్వి ఎన్నాళ్ళయిందో. అమ్మ చేతిలో దువ్వెన అలాగే ఆగిపోయింది.

సార్‌కి చెప్పేద్దాం, సరిచేస్తారు అంది అక్క. సరిచేస్తానన్నాను. సార్‌కి చెబుతానని మాత్రం అనలేదు. ఆయనకి చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. తప్పు తానే పట్టుకున్నట్టు వ్యాసం రాస్తారు. చివర్లో చిన్న అక్షరాల్లో అక్కకి కృతజ్ఞతలు ఉంటాయి.

లెక్కలోంచి ల్యాబు పొగని తీసేసి, డ్రోన్లు అప్పటికే తెచ్చిన గాలి లెక్కలన్నిటినీ కొత్త సున్నాతో మళ్ళీ నడిపాను. చీమలకోన సున్నాలోంచి లేచి జిల్లాలో మొదటి స్థానంలో కూర్చుంది. రెండో స్థానంలో ఒక వింత గడి వచ్చింది. అడవి లేదు, కోన లేదు. కొండ పాదంలో కాలనీ చివర ఒక్క ఇల్లు. పెద్దది చేసి చూశాను. మేడ, తులసికోట, ఉయ్యాల. ఆ ఇంటి గృహప్రవేశానికి వెళ్ళి నేను బొబ్బట్లు తిన్నాను.

పినాకపాణి గారిల్లు. ల్యాబుకి వచ్చే ముందు ఇంట్లోనూ ధూపం వేస్తారు, డ్రోన్లు ఎగిరే వేళకే. గుళ్ళలో వాడేది బజారు సాంబ్రాణి. కోన గుగ్గిలం గోతాలకు గోతాలు తెప్పించుకుని కాల్చేది ఆయన ఒక్కరే. జిగురు ఏరే ఆడవాళ్ళు నేరుగా ఆయన ఇంటికే తెచ్చి ఇస్తారు.

అక్క ఆ సంగతి ముందే ఊహించింది. “పొగ ఉన్న చోటల్లా చెట్టుందని చూపిస్తాది. కాలిన గుగ్గిలంలో మసి వాసన కలిసుంటాది, పచ్చి చెట్టులో ఉండదు. దాన్ని వేరు చెయ్యి. రెండు లైన్ల పని కదా?”

“రెండు లైన్లే. రాస్తాలే.”

రాయలేదు.

ఆలోచించండి. జాబితా తెర మీదికి వస్తుంది. ఆయన ఇంటికి ముద్ర పడుతుంది. ఒక్క గడి కూడా మార్చకూడదన్న నియమం ఆయనదే. ఇల్లు కావాలంటే అందరి ముందూ లేచి, నా యంత్రానికి చెట్టుకీ పొగకీ తేడా తెలియదు అనాలి. అంటే ఆయన జీవితమంతా అబద్ధమని ఒప్పుకోవాలి. అనకపోతే ఇల్లు పోతుంది. ఎటు పోయినా నాకు పండగే.

ఒక్క చిక్కుంది. ఆయన ఇల్లు కావాలనుకుంటే, యంత్రం తప్పయితే, చీమలకోన మార్కులూ తప్పే. కోన మళ్ళీ వదులు. ఇంకో సర్వేకి టైము లేదు, గుడారాల వాళ్ళకి ఓపిక లేదు. అక్కకి మిగిలిన ఒకే ఒక్కదాన్ని నేను ఆ మనిషి ఇంటి మీది మమకారం చేతికి అప్పజెప్పాను. తెలిసే చేశాను. ఆయన ముఖం చూడాలన్న ఆశ అంత బలంగా ఉంది.

కమిటీ రోజు హాలు నిండిపోయింది. అధికారులు, గ్రానైటు వాళ్ళు, పత్రికల వాళ్ళు. అక్క నా పక్కన కూర్చుంది. తెర మీద మొదటి గడి వచ్చింది: చీమలకోన. అక్క నా చెయ్యి పట్టుకుంది. రెండోది వచ్చింది. కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ఇదేదో ఇల్లు మాదిరుండాదే అన్నారొకరు. ఉయ్యాల గూడా ఉండాదని ఇంకొకరు. నవ్వులు. సార్, ఇది మీదే కదా అని ముందు వరసలోంచి ఎవరో అన్నారు. అక్క నా చెయ్యి వదిలేసింది.

“రాయలేదా నువ్వు?” అంది, నా వైపు చూడకుండా.

పినాకపాణి గారు తెరని చాలాసేపు చూశారు. తర్వాత నన్ను. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. లేచారు.

“అది నా ఇల్లని యంత్రానికి తెలియదు. తెలియకూడదనే కదా మనం దాన్ని చేసింది,” అన్నారు. “నెలాఖరుకి ఖాళీ చేస్తాను.”

చప్పట్లు. అవి పెరిగి పెరిగి, గ్రానైటు వాళ్ళు కూడా కొట్టాల్సి వచ్చింది. ఇల్లు తగలబెడదామని వెళ్ళి మనిషికి విగ్రహం కట్టించి వచ్చాను నేను.

బయట వరండాలో ఆయన నన్ను ఆపారు. గొంతు తగ్గించి, దాదాపు ముద్దుగా అన్నారు: “పొగ సంగతి నాకు అర్థం కాలేదనుకుంటివా తల్లీ? ఒకటి తప్పంటే రెండూ తప్పనాల. ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు.” భుజం తట్టి, పని శుభ్రంగా ఉందని మెచ్చుకుని వెళ్ళిపోయారు.

మొక్క కోసం సొంత ఇల్లు వదిలేసిన శాస్త్రవేత్త. టీవీలన్నీ ఆయన గేటు ముందే. ఆయన భార్య నంద్యాలలో తమ్ముడింటికి వెళ్ళిపోయి మాట్లాడటం మానేశారని ఎవరూ చూపించలేదు. ఇంటి చుట్టూ తీగ కంచె వేశారు. ఉయ్యాల మీద కోతులు ఊగుతుంటే అది కూడా వార్తే.

కోన చుట్టూ కూడా కంచె వేశారు. కోన బతికింది, కాదనను. అక్క చూడటానికి వెళ్తే కాపలావాడు బోర్డు చూపించాడు. ఆ మొక్కలకి పేర్లు పెట్టింది నేనే అని చెప్పిందట. మనిషంటే మనిషే మేడం అన్నాడట. జిగురు ఏరుకునే ఆడవాళ్ళు అదే కంచె దగ్గర కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకామె అక్కని చూసి, చెట్లను కాపాడేదానికి మా కడుపులు దొరికినాయా నీకు, నీ ముక్కు సల్లగుండ, అంది. నా ముక్కు సంగతి ఆమెకి తెలియదులే అంది అక్క ఇంటికొచ్చి. కంచె అవతల చెట్లెలా ఉన్నాయని అడిగితే, గాలికి ఊగుతున్నాయని మాత్రం చెప్పింది. నాతో రెండు వారాలు సరిగ్గా మాట్లాడలేదు. రెండు లైన్ల గురించి మళ్ళీ అడగనూ లేదు. అడిగుంటే బాగుండేది.

తర్వాత టౌన్‌హాల్లో ఆయనకి సన్మానం. రాష్ట్రంలో మిగిలిన కొండలన్నిటి సర్వే కూడా మాకే ఇచ్చారు. వేదిక మీద పెద్దలతో పాటు మా అక్కకి కూడా ఒక కుర్చీ, ఒక శాలువా. నేను మూడో వరసలో ఉన్నాను. సార్ మాట్లాడుతూ, ఆ కొండల మొక్కలు వేరు, వాటికి రెండో ముక్కుపుడక కావాలి, దానికి ఇంకో ముక్కు కావాలి అన్నారు. మన జిల్లా బిడ్డలే ముందుకు రావాలన్నారు. ఆయన చూపు జనంలో వెతికి నా మీద ఆగింది.

“హైమ చెల్లెలు ప్రణతి ఈడనే ఉంది. అదే రక్తం, అదే ముక్కు. అక్క దారిలో నడవదా?”

చప్పట్లు మొదలయ్యాయి. తలలు నా వైపు తిరిగాయి. ఆయన చిన్నగా నవ్వుతున్నారు. వరండాలో తట్టిన తట్టుకి అర్థం అప్పుడు తెలిసింది. అంతలో వేదిక మీద అక్క లేచి మైకు అందుకుంది. సభల్లో మాట్లాడే అలవాటు తనకి లేదు. మైకు మరీ దగ్గరగా పెట్టుకుంది, ప్రతి ఊపిరీ వినిపిస్తోంది.

“సార్ ఊరికే వినయంగా అడుగుతాండారు,” అంది. “ఆ ముక్కు ఆయనదే. మొక్క కోసం ఇల్లే ఇచ్చిన మనిషి, ముక్కు ఇయ్యడానికి ఇంకొకరి బిడ్డను పిలుస్తారా? రెండేండ్లు ఆ కుర్చీలో నేను కూర్చున్నా. దాంట్లో భయపడాల్సింది ఏమీ లేదని నాకు చెప్పింది సారే.” ఆయన వైపు తిరిగి చేతులు జోడించింది. “చెప్పండి సార్ అందరికీ.”

హాలు లేచి నిలబడింది. ఎవరో పూలు విసిరారు. కెమెరాలు ఆయన ముఖం మీదికి దూకాయి. కమిటీ రోజు చూడలేకపోయిన ముఖం అప్పుడు చూశాను. పెదవులు తెరుచుకుని, మళ్ళీ మూసుకుని, ఆ తర్వాత నవ్వు తెచ్చిపెట్టుకున్న ముఖం. లేచి, చేతులు జోడించి, తప్పకుండా అన్నారు.

ఇంటికొచ్చాక నేను అక్కని ఎత్తి తిప్పేద్దామనుకున్నాను. తను మంచం మీద కూర్చుండిపోయింది. శాలువా ఇంకా భుజం మీదే ఉంది.

“నిన్ను కూర్చోబెట్టకూడదని అన్నా నేను. ఆయన్ని చంపాలని కాదు,” అంది. “కంప్యూటర్ కాడ కూర్చునేది నువ్వే కదా. నరం ఎంత పలుకుతాందో నీకు అగపడతాది. తగ్గిన రోజు ఆపేయాల నువ్వు. ఆ రోజు ఆపితే మళ్ళీ వస్తాది. నాకు ఎవురూ ఆపలా చిన్నీ. అదెట్లుంటాదో నాకు తెలుసు. ఒట్టెయ్యి.”

ఒట్టేశాను. అప్పుడు నిజంగానే వేశాను.

సార్ కుర్చీలో బుద్ధిగా కూర్చునేవారు. పూజ వరండాలోకి మార్చుకున్నారు, ఈసారి ఖాళీ సీసాలో నిజంగా ఖాళీ ఉండాలని. ఆయన పాఠం నేర్చుకునే రకమే. నేను ఒక్కొక్క సీసా మూత తీసేదాన్ని, తెర మీద ఆయన నరం గీత లేచి పడటం చూసేదాన్ని. మొదట్లో అది కొండంత లేచేది. ఆయన కళ్ళు మూసుకుని ఆకు పేరు చెప్పి, చిన్నపిల్లాడిలా సంబరపడేవారు. అక్క కూడా ఇలాగే సంబరపడి ఉంటుందని అనిపించేది. ఇంటికొస్తే అక్క రోజూ అడిగేది, సార్ గీత ఎట్లుంది అని. బాగుందని చెప్పేదాన్ని. బాగానే ఉండేది.

తర్వాత కొంచెం తగ్గింది. తీగ కదిలిందేమో అనుకున్నాను. మళ్ళీ కొంచెం తగ్గింది. చలికాలం కదా, జలుబు చేసి ఉంటుందనుకున్నాను. ఇంట్లో బాగుందనే చెప్పాను.

ఒక సోమవారం పొద్దున ల్యాబు తలుపు తీస్తే కంపు గుప్పున కొట్టింది. ఆదివారం సెలవులో సర్వర్ వెనక ఎలుక చచ్చింది. కేబుళ్ళ మధ్య ఎక్కడో ఇరుక్కుంది, చేతికి అందదు. కిటికీలన్నీ బార్లా తెరిచి, ఫ్యాన్లేసి, చున్నీ మూతికి కట్టుకున్నా ఆగడం లేదు. మిగతా ఉద్యోగులు వరండాలో కూడా నిలబడలేక టీ కొట్టుకి పోయారు. శుభ్రం చేసేవాళ్ళు మధ్యాహ్నం వస్తామన్నారు.

పినాకపాణి గారు వచ్చారు. చెప్పులు విడిచారు. యంత్రానికి దణ్ణం పెట్టుకున్నారు. సరిగ్గా ఆ సర్వర్ పక్కనే నిలబడి, గుండెల నిండా గాలి పీల్చి, తృప్తిగా వదిలారు.

“కిటికీలెందుకు తెరిచినారమ్మా? చలిగాలి కొడతాంది.”

నేను ఆయన ముఖంలోకి చూశాను. హాస్యం కాదు. ఆయనకి తెలియదు. ఆ క్షణానికి ఈ లోకంలో ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే. ఈ రోజు చాలు సార్, ఇంటికెళ్ళండి అంటే సరిపోతుంది. కారణం చెబితే భయపడతారు, ఆపేస్తారు, కొన్ని నెలల్లో మామూలు మనిషవుతారు. అక్కకి చేసిన ప్రమాణం నాలుక చివరిదాకా వచ్చింది.

ఆయన కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చారు, తీగ పెట్టించుకోవడానికి.

మూతికి కట్టుకున్న చున్నీ విప్పేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆ కంపుకి. ఒక్కొక్కటిగా కిటికీలన్నీ మూశాను. వచ్చి ఎదురుగా కూర్చుని, మొదటి సీసా మూత తీసి, ఆయన ముక్కు దగ్గర పెట్టాను.